కోడిమేతలో ఖనిజములు

చోడవరం పరిసర గ్రామములలో పెరటికోళ్లకు నూకలు, తవుడు, చోళ్లు వేయుట పరిపాటి. 2022లో ఈ ప్రాంతము విశాఖపట్నం జిల్లానుండి అనకాపల్లి జిల్లాకు మారినను, కోడిమేత మారలేదు. కడుపునిండ గింజలు తిన్న పెట్టయు ఒక్కొక్కప్పుడు తోలుగ్రుడ్డు పెట్టును. కాళ్లు పట్టుతప్పి కూలబడును. దిష్టి తగిలినదని కొందరు, తెగులు సోకినదని కొందరు తలతురు. తెగులు వలనను ఇట్లు జరుగవచ్చును గాని, ముందు మేతను పరీక్షింపవలెను.

గ్రుడ్డు పెంకులో నూటికి సుమారు 95 వంతులు సున్నపురాతి పదార్థమే. ఒక్క పెంకునకు సుమారు 2 గ్రాముల కాల్షియము కావలెను. పెట్ట దినమునకు తినునది రమారమి 100 గ్రాముల మేత. అన్ని నూకలలో ఈ 2 గ్రాములలో నూరవ వంతైనను లేదు. కాల్షియమునకు పేరెన్నికగన్న చోళ్లలో సహితము గ్రామున మూడవ వంతే. మిగిలినది ఎచ్చటనుండి వచ్చును? తిరుగాడు నాటుకోడి నత్తలను, పురుగులను ఏరుకొని కొంత సంపాదించును. దడిలో నుంచిన కోడి తన యెముకలనే కరగించి మనకు గ్రుడ్డు నిచ్చును.

దీనికి విరుగుడు మన సముద్రతీరముననే గలదు. ఆలిచిప్పలను కాల్చక, కడిగి, ఎండబెట్టి, ముతకగా దంచి, వేరు పాత్రలో సాయంకాలము పెట్టవలెను. పెంకు కట్టుటకు సుమారు 20 గంటలు పట్టును, అందధికభాగము రాత్రివేళ. ముతక పలుకులు కందనకాయలో మెల్లగా అరగి రాత్రియంతయు కాల్షియము నందించును. బెల్లపు పాకమున వాడు కాల్చిన సున్నము మాత్రము వేయరాదు. అది నోరు పొక్కించును. గ్రుడ్లకు రాని పిల్లలకు గుల్లపొడి మితిమీరిన మూత్రపిండములు చెడును.

కాల్షియము ఒంటబట్టుటకు ఎండ అవసరము. తవుడులో ఫాస్ఫరస్ మెండైనను అందు చాలభాగము కోడికి జీర్ణము కాదు; చేపలపొడి ఆ లోటు తీర్చును. ఉప్పుచేపల పొడి కలిపినచో వేరుగ ఉప్పు వేయరాదు. ఉప్పు హెచ్చిన పిల్లలు చచ్చును.

విజయనగరం జిల్లా గనులలో దొరకు మాంగనీసును చూడుడు. మేతలో అది కొరవడిన పిల్లలకు మడమకీలు వాచి కాలు వంకరపోవునని 1936లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున కనుగొనిరి. కిలో మేతకు కొన్ని పదుల మిల్లీగ్రాములే కావలయును గనుక, గనిరాయి పనికిరాదు. పశువైద్యుని సలహాపై ఖనిజ మిశ్రమమునే వాడవలెను.

గ్రుడ్ల సొమ్ము పెక్కు ఇండ్లలో ఇల్లాలి చేతిసొమ్ము. రేపు గ్రుడ్డు పగులగొట్టినపుడు పెంకును వ్రేళ్లతో నలిపి చూడుడు. పలుచనైనచో, కోడి కూలబడకమునుపే చిప్పలపాత్ర సిద్ధము చేయుడు.