అంతరిక్షంలో మనవాడు: ఒక పాత ఎపిసోడ్ మీద అభిమానుల తగవు

(జురాంగ్ ఈస్ట్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పద్యం గురించో, మన పల్లెల గురించో మాట్లాడతానని ఎదురుచూస్తున్న పెద్దలకు ముందుగా ఒక మనవి. ఈ పూట నేను మాట్లాడబోయేది 'స్టార్ ట్రెక్' అనే అమెరికన్ టీవీ సీరియల్‌లోని ఒకే ఒక్క ఎపిసోడ్ గురించి. దానికీ మనకీ ఏమిటి సంబంధం అంటారా? కాస్త ఓపిక పట్టండి. సంబంధం ఉంది, అదీ పిల్లనిచ్చి పుచ్చుకునేంత దగ్గరి సంబంధం.

ఈ సీరియల్ అమెరికాలో 1966 సెప్టెంబరు 8న మొదలైంది. మనలో నలభై దాటిన చాలామందికి ఇది 1980లలో దూరదర్శన్ ద్వారా పరిచయం. పక్కింటి వాళ్ళ టీవీ ముందు చాప మీద కూర్చుని, ఇంగ్లీషు సగం అర్థమై సగం అర్థం కాక, కోసు చెవుల స్పాక్‌ని చూసి ఆశ్చర్యపోయిన తరం మాది. ఇప్పుడు ఆ తరమే జురాంగ్ ఈస్ట్‌లో, సైన్స్ సెంటర్‌కి నడిచివెళ్ళేంత దూరంలో కాపురాలు పెట్టుకుని, నెలకోసారి ఒకరింట్లో చేరి పాత ఎపిసోడ్లు చూస్తోంది. చూడడం ఒక గంట, తగవులాడడం మూడు గంటలు. పులిహోర, మిర్చిబజ్జీలు ఉండనే ఉంటాయి.

అలా ఒక శనివారం చూసినదే 'స్పేస్ సీడ్'. అంతరిక్ష బీజం అనుకుందాం. మొదటి సీజన్‌లోనిది, 1967 ఫిబ్రవరి 16న ప్రసారమైంది. కథ క్లుప్తంగా చెబుతాను. కెప్టెన్ కర్క్ నడిపే ఎంటర్‌ప్రైజ్ నౌకకి దారిలో రెండు శతాబ్దాల నాటి పాత ఓడ ఒకటి తగులుతుంది. అందులో డెబ్బై మందికి పైగా మనుషులు దీర్ఘనిద్రలో ఉంటారు. వాళ్ళ నాయకుణ్ణి లేపుతారు. ఆయన పేరు ఖాన్ నూనియన్ సింగ్. ఎంపిక చేసిన సంతానోత్పత్తితో తయారైన మహామానవుడు. 1990లలో భూమ్మీద నాలుగో వంతుని ఏలి, ఓడిపోయి పారిపోయినవాడు. ఓడలోని చరిత్రకారిణి మెక్‌గివర్స్ ఆయన్ని చూడగానే ఉత్తర భారతీయుడనీ, బహుశా సిక్కు అనీ అంచనా వేస్తుంది. అంటే మనవాడే!

మొదట మా తగవులు తేలికపాటివే. ఖాన్ మంచం మీద కూర్చుని నౌక సాంకేతిక గ్రంథాలు చదువుకుంటానంటే కర్క్ సరేనంటాడు. ఊరి నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఇది చూసి ఊరుకోలేకపోయారు. "ముక్కూమొహం తెలియని చుట్టం వస్తే మంచినీళ్ళిస్తాం గానీ బీరువా తాళాలిస్తామటయ్యా? వీడు కెప్టెనెలా అయ్యాడు?" అన్నారు. గదిలో అందరూ ఒప్పుకున్నారు. ఇంకో మిత్రుడికి తేదీల పిచ్చి. 1982లో వచ్చిన 'రాత్ ఆఫ్ ఖాన్' సినిమాలో ఖాన్ ఛెకోవ్‌ని చూసి గుర్తుపడతాడు. కానీ ఛెకోవ్ పాత్ర సీరియల్‌లోకి వచ్చిందే రెండో సీజన్‌లో. ప్రపంచమంతటా అభిమానులు దశాబ్దాలుగా పట్టుకున్న తప్పు ఇది. ఆ మిత్రుడు మాత్రం తానే కనిపెట్టినట్టు చెప్పాడు, మేమూ విననట్టే విన్నాం.

ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసే ఒక సోదరి కోపం వేరు. మెక్‌గివర్స్ చదువుకున్న ఆఫీసరు. ఖాన్ ఆమె జడ తీరు బాగాలేదని చెప్పి సవరిస్తే కరిగిపోయి, కొన్ని గంటల్లో తన నౌకనే అప్పజెప్పేస్తుంది. "రాసినవాళ్ళకి ఆడవాళ్ళ మీద ఎంత నమ్మకమో తెలుస్తోంది" అంది ఆ సోదరి. 1967 నాటి కథ కదా అని సర్దిచెప్పబోయిన వాళ్ళాయన మాట మధ్యలోనే ఆగిపోయింది.

తరువాత పేరు దగ్గరికి వచ్చాం. ఖాన్, సింగ్ ఒకే మనిషి పేరులో. సిక్కు అంటారు, గడ్డం లేదు. తలపాగా మెక్‌గివర్స్ వేసిన బొమ్మలో తప్ప తల మీద కనబడదు. వేషం వేసిన రికార్డో మోంటల్బాన్ మెక్సికోలో పుట్టినవాడు. తొలి చిత్తుప్రతిలో ఈ పాత్ర స్కాండినేవియా వాడట, పేరు హరాల్డ్ ఎరిక్సన్. అంటే మనవాడు ఆఖరు నిమిషంలో మనవాడయ్యాడు. 2013 సినిమాలో ఇదే పాత్రని ఇంగ్లండుకి చెందిన బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్‌కి ఇస్తే, భారతీయ పాత్రని తెల్లవాడికి ఇచ్చారని చాలామంది అభిమానులు అభ్యంతరపెట్టారు. మాస్టారు ఇక్కడ కూడా ఒక మాటన్నారు: "వాళ్ళకి మనం ఎవరో తెలియదు సరే. భవిష్యత్తులో ఒక బుద్ధిమంతుడు, బలవంతుడు కావాల్సి వస్తే మనవైపు చూశారు కదా. అది కొంచెం గౌరవమే." ఇందులోనూ నిజం ఉంది. 1967లో అమెరికన్ టీవీలో అంత ఠీవిగల భారతీయ పాత్రలు ఎన్ని ఉండి ఉంటాయి?

అయితే నేను ఈ రోజు మీ ముందు నిలబడడానికి కారణం ఇవేవీ కావు. ఎపిసోడ్‌లో ఒక సన్నివేశం ఉంది. ఖాన్ ఎవరో తెలిసిపోయాక కర్క్, డాక్టర్ మెకాయ్, ఇంజనీర్ స్కాట్ కూర్చుని ఆ పాత నియంతని కాస్త మెచ్చుకోలుగా తలుచుకుంటారు. మిగతా నియంతలకంటే నయమట, ఊచకోతలు చేయలేదట. స్పాక్ నిర్ఘాంతపోతాడు. ఇది చూసి ల్యాబ్ సోదరి టీవీ ఆపేసింది. "ఇది తప్పు కాదు, ఇదే కథ" అంది. మేలుజాతి మనుషుల్ని తయారు చేయాలన్న ఆలోచనని తిట్టేవాళ్ళు కూడా మేలుజాతి మనిషి ఎదురుపడితే ముచ్చటపడతారని రచయితలు చూపించారట.

ఆ ఆలోచన టీవీ వాళ్ళ సృష్టి కాదు. ఫ్రాన్సిస్ గాల్టన్ 1883లో దానికి 'యూజెనిక్స్' అని పేరు పెట్టాడు. 1927లో అమెరికా సుప్రీంకోర్టు 'బక్ వర్సెస్ బెల్' కేసులో బలవంతపు సంతాన నిరోధక శస్త్రచికిత్సల్ని సమర్థించింది. నాజీలు ఏం చేశారో చెప్పనక్కర లేదు. మనం ఉప్పు తింటున్న ఈ దేశంలోనూ దాని నీడ ఒకసారి పడింది. 1983 ఆగస్టులో జాతీయ దినోత్సవ సభలో ప్రధాని లీ క్వాన్ యూ, పట్టభద్రులైన మహిళలు పెళ్ళిళ్ళు చేసుకోవడం లేదని, తక్కువ పిల్లల్ని కంటున్నారని ఆందోళన వెలిబుచ్చారు. 1984లో పట్టభద్రులైన తల్లుల పిల్లలకి బడి ప్రవేశంలో ప్రాధాన్యం ఇచ్చే పథకం వచ్చింది. అదే సంవత్సరం, తక్కువ చదువు, తక్కువ ఆదాయం ఉన్న యువ తల్లులు ఒకరిద్దరు పిల్లలతో ఆపరేషన్ చేయించుకుంటే 10,000 డాలర్లు ఇస్తామన్నారు. జనం మెచ్చలేదు. పట్టభద్రులైన మహిళలే కొందరు ఇది అవమానమన్నారు. 1985లో బడి ప్రాధాన్యం ఉపసంహరించారు. ఒక ప్రభుత్వం తన మాట వెనక్కి తీసుకుందని గుర్తుంచుకోవడం కూడా మర్యాదే.

ఇక మన ఇంటికి వద్దాం. మన పెళ్ళి ప్రకటన ఒకటి తీసుకోండి: ఎత్తు, రంగు, కులం, శాఖ, చదువు, జీతం. చదువుతున్నది ఓడలోని ఖాన్ అయితే, 'బాగుంది, మా పద్ధతే' అనుకుంటాడు. ఎంసెట్ ర్యాంకుల కోసం పిల్లల్ని హాస్టళ్ళలో మూసిపెట్టిన మనమే ఇక్కడికి వచ్చి పీఎస్ఎల్ఈ కోసం ట్యూషన్ మీద ట్యూషన్ పెట్టిస్తున్నాం. పిల్లల్ని ఒకరితో ఒకర్ని తూచే టీ-స్కోరుని ఇక్కడి విద్యాశాఖ 2021లో తీసేసి స్థాయిల పద్ధతి పెట్టింది. మన డ్రాయింగ్ రూములో మాత్రం టీ-స్కోరు ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ రోజు మాలో అందరికంటే చిన్నవాడికి పన్నెండేళ్ళు, ఆ ఏడే పీఎస్ఎల్ఈ. అంతసేపూ మాట్లాడనివాడు చివర్లో అడిగాడు: "అంకుల్, ఖాన్ అందరికంటే బలవంతుడు, తెలివైనవాడు కదా. మరి మామూలు మనిషి ఒక ఇనప కడ్డీతో కొడితే ఎలా ఓడిపోయాడు?" ఇది కథలో లోపమే అన్నారు కొందరు. వాడే ఇంకాస్త ఆలోచించి, "తను ఓడిపోతానని వాడికి ఎవరూ నేర్పలేదేమో" అన్నాడు. వాళ్ళమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాఫీ కోసం అనుకున్నాం. కాఫీ రావడానికి చాలాసేపు పట్టింది.

మిత్రులారా, ఇష్టపడినదాన్ని తప్పుపట్టడం మన సంప్రదాయమే. అవధానంలో పృచ్ఛకులు అవధానికి శత్రువులు కారు కదా. మన పిల్లలకి కూడా ఆ పృచ్ఛకుల పీట వేద్దాం. సింగీతం శ్రీనివాసరావుగారి 'ఆదిత్య 369' 1991లో వచ్చింది. అందులో మనవాళ్ళు రాయలవారి కాలానికీ, 2504 సంవత్సరానికీ వెళ్ళి వస్తారు. ఆ 2504లో ఎవరు ఉన్నారు, ఎవరు లేరు, ఎందుకు లేరు అని పిల్లల్ని అడగండి. జవాబు నచ్చకపోయినా మధ్యలో అడ్డు తగలకండి.

నాది ఒక్కటే విన్నపం. వచ్చే నెల మీ ఇళ్ళలో ఏదైనా చూసినప్పుడు ముందు పిల్లల అభ్యంతరం వినండి, తరువాత పెద్దలది. వాళ్ళ మార్కుల సంగతి ఆ పూటకి ఎత్తకండి. మిర్చిబజ్జీలు మాత్రం మానకండి.