సముద్రపు వాలు, మన వానకారు

సముద్రము సమతలమని మనము తలంతుము. వాస్తవమున పసిఫిక్ మహాసముద్రపు నీరు, భూమధ్యరేఖ దాపున, తూర్పుననున్న పెరూ, ఈక్వడారు తీరములకంటె పడమట ఇండోనేషియా వైపున ఇంచుమించు మూరెడెత్తున నుండును.

తూర్పుగాలి విడువక వీచినచో చెరువునీరు పడమటిగట్టునకు ఒత్తుకొనుట మీరెఱిగినదే. అచ్చటను అంతే. ఎండకు కాగిన పైనీరు గాలిచే పడమటికి నెట్టబడి పోగగును. తూర్పుతీరమున ఆ వెలితి పూరింప లోతునుండి చల్లనినీరు పైకి వచ్చును. దానితో చేపలకు మేతయు వచ్చును.

కొన్నియేండ్లకొకమారు ఈ గాలి సడలును. పోగైన వెచ్చనినీరు తూర్పునకు మరలును. క్రీస్తు జయంతి దినములలో తమ తీరమున కాన్పించు వెచ్చని ప్రవాహమునకు పెరూ జాలరులు పెట్టిన 'ఎల్ నినో', అనగా బాలుడు, అను పేరే దీనికి నిలిచినది. గాలి హెచ్చినపుడు కలుగు విపరీతస్థితి 'లా నినా', బాలిక.

ఈ మార్పును చూపు పటములు 1992లో ప్రయోగింపబడిన టోపెక్స్-పొసైడన్ ఉపగ్రహమువలన లభించినవి. రేడియోలో పటము చూపజాలను గనుక మాటలతోనే గీసెదను. ఆ ఉపగ్రహము 1,336 కిలోమీటర్ల ఎత్తునుండి తరంగములను నీటిపైకి పంపి, అవి మరలివచ్చు కాలమునుబట్టి సముద్రపుటెత్తును కొలది సెంటీమీటర్ల తేడాతో లెక్కించెను. వెచ్చనినీరు వ్యాకోచించును; కావున నీరుబికిన చోట క్రింద వేడి నిలువయున్నదని ఊహింపవచ్చును. 1997 చివరి పటమున పెరూ దెసను ఎఱుపు, తెలుపు, పడమట ఊదా. తెలుపు చల్లదనమని భ్రమపడరాదు. నీరు మిక్కిలి ఉబికినది అచ్చటనే! రంగు తెలుపునది వాడుకమట్టమునకంటె హెచ్చుతగ్గులను మాత్రమే.

దీనితో మనకేమి పని యందురా? 1876-78 నాటి ధాత కరువులో, 1877న, పసిఫిక్‌లో ప్రబలమైన ఎల్ నినో కలదని శాస్త్రజ్ఞుల నిర్ణయము. 1904 మొదలు 1924 వఱకు భారత వాతావరణశాఖకు అధిపతియైన గిల్బర్ట్ వాకర్, మన వర్షములకును ఆ దూరసముద్రముపై వాయుభారమునకును గల సంబంధమును లెక్కలతో వెదకెను.

అయినను, పటమున ఎఱుపు కాన్పించెనని విత్తనములను అటకపైననే ఉంచుట తొందరపాటు. 1997లో అంత పెద్ద ఎల్ నినో వచ్చినను దేశమున నైరుతి వర్షము వాడుకకు తగ్గలేదు. 2002లో దానికంటె బలహీనమైనదే వచ్చెను. వర్షము ఇంచుమించు ఐదవవంతు తగ్గినది. వెచ్చదనము తూర్పుకొననున్నదా, నడిమి పసిఫిక్‌లోనున్నదా అనునది చూడవలెను. హిందూమహాసముద్రపు స్థితియు లెక్కలోనికి రావలెను. 1997లో దాని పడమటిభాగము వెచ్చనై, సుమత్రా దరి చల్లబడియుండెను.