పాతాళగంగను తూచే ఉపగ్రహాలు

ఉపగ్రహం అనగానే మనకు ఫొటోలే గుర్తొస్తాయి. కానీ 2002 మార్చిలో అమెరికా, జర్మనీ కలిసి పంపిన గ్రేస్ ఉపగ్రహాల జంటకు నేలను ఫొటో తీసే పనే లేదు. దాని పని తూకం. రెండూ ఒకదాని వెనక ఒకటి, సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో తిరిగేవి. కింద బరువెక్కువున్న చోటు దగ్గరపడుతుంటే ముందున్నదాన్ని ఆ ఆకర్షణ కాస్త గట్టిగా లాగుతుంది, ఎడం పెరుగుతుంది. వెనకది అక్కడికి చేరేసరికి మళ్లీ తగ్గుతుంది. ఆ తేడాను మీటరులో పది లక్షల వంతు దాకా మైక్రోవేవ్ తరంగాలతో పట్టుకున్నారు. కొండల బరువు నెలనెలా మారదు కదా, నేల మీద మారేది ముఖ్యంగా నీరే. బండ కింద దాగిన నీటికీ బరువుంటుంది, కాబట్టి అదీ లెక్కకు చిక్కుతుంది.

ఈ తూకంతోనే 2009లో శాస్త్రవేత్త మాథ్యూ రోడెల్ బృందం నేచర్ పత్రికలో ఒక లెక్క తేల్చింది. 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు దాకా పంజాబ్, హర్యానా, రాజస్థాన్, ఢిల్లీల కింద 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం తరిగిపోయింది. మన లెక్కలో దాదాపు 3,850 టీఎంసీలు. తొలినాటి నాగార్జునసాగర్ నిండుగా ఉంటే పట్టేది 408. వానలు తప్పాయేమో అనుకోవచ్చు. ఆ ఏళ్లలో వర్షపాతం ఇంచుమించు మామూలుగానే ఉంది. మట్టిలోని తేమనూ విడిగా లెక్కగట్టి తీసేశారు. ఇక మిగిలిన వివరణ నీటిని తోడే మోటార్లే.

“మరి మా ఊరి బోరు సంగతేమిటి?” అంటారు. న్యాయమైన ప్రశ్నే. గ్రేస్ చూపు కొన్ని వందల కిలోమీటర్ల మేర సగటును మించి సూక్ష్మంగా పోదు. మండలం దానికి కనిపించదు. మన గ్రానైటు నేలల్లో పక్కపక్క బోర్లలోనే ఒకటి పోస్తుంది, ఒకటి ఎండుతుంది. అయితే బావులు కొలిస్తే చాలదా? చాలదు. పీజోమీటరులో, అంటే కొలత బావిలో, నీటిమట్టం మీటరు దిగిందంటే ఎంత నీరు పోయిందో అది చెప్పదు. ఇసుక మేటల్లో ఆ మీటరు చాలా నీరు, బండ పగుళ్లలో కొద్దిపాటిదే. బావి లోతు చెబుతుంది, ఉపగ్రహం మొత్తం చెబుతుంది. రెండూ ఒకేసారి నడవాలి, మధ్యలో ఆగకుండా నడవాలి. గ్రేస్ 2017లో మూగబోయింది, దాని వారసురాలు 2018 మేలో గానీ ఎగరలేదు. ఆ మధ్య నెలల తూకం గ్రేస్ పట్టీలో ఖాళీగానే ఉంది.