గాలపు కుచ్చులును స్థిరవిద్యుత్తును
(రామచంద్రపురమున మన సంఘ వార్షిక మహాసభయందు చదివిన యుపన్యాసము)



వలను, గాలమును నమ్మి బ్రదికిన కులమువారి సభలో విద్యుచ్ఛక్తినిగూర్చి ప్రసంగించుట వింతగా దోచవచ్చును. కాని మేము చెప్పబోవునది తీగెలమీద వచ్చెడి విద్యుత్తు కాదు. మన యాడువారి వ్రేళ్లసందున పుట్టుచున్న విద్యుత్తు.

కొరమీనునకును పండుగప్పకును వేసెడి కృత్రిమపు టెఱలకు నైలాను పోగులతోనో, సిలికాను రబ్బరు పోగులతోనో కుచ్చు గట్టుట మాలో కొందఱి యిండ్ల కిప్పుడు జీవనాధారము. నీటిలో నాకుచ్చు విచ్చుకొనుచు ముడుచుకొనుచు నుండినగాని చేప నోరు తెఱవదు. ఒక సంక్రాంతికి ముందు మేము పంపిన సరకును వర్తకుడొకడు త్రిప్పి పంపెను. పోగులు హెచ్చుతగ్గులుగా నున్నవట! కుచ్చులు గట్టిన కోడలిని "నీ చేతికి వేడి యెక్కువ, ఈ పనికి నీవు తగవు" అని పెద్దలు గద్దించిరి. ఆ పెద్దలలో మేమును ఉంటిమి. ఆమెకు కూలి పోయినది, నింద మిగిలినది.

మఱునాడు ఆమె ప్రక్కన గూర్చుండి చూచితిమి. ప్లాస్టిక్కు దువ్వెనతో దువ్వినకొలదిని పోగులు ఒకదానినొకటి త్రోసికొనుచు నెమలిపురివలె విప్పుకొనుచుండెను. కత్తెర సమీపింపగనే కొన్ని దానికి, కొన్ని చేతికి అంటుకొనుచుండెను. ఇక కోత సమముగా నెట్లు వచ్చును? దోషము చేతిది కాదు. రాపిడివలన పోగులన్నియు నొకేజాతి యావేశమును పొందును, సజాతులు వికర్షించుకొనును. (కులసభలో నీమాట యపశకునమని యెవ్వరును తలపకుందురుగాక!)

పురికొసగుండ విద్యుత్తు ప్రసరించుననియు, పట్టుదారముగుండ ప్రసరింపదనియు ఇంగ్లాండున స్టీఫెన్ గ్రే 1729లో కనుగొనెను. 1935లో అమెరికాలో వాలేస్ కారొదర్స్ సాధించిన నైలానును ఈ విషయమున పట్టువంటిదే. దానిపై జేరిన యావేశమునకు పోవుదారి లేదు. నూలు తేమను పీల్చును గనుక, నూలువలలు అల్లిన మన తాత లీపీడ నెఱుగరు.

దీనికి మందు తేమయే. గోదావరి కాలువల నడుమ నుండియు తేమకు కఱవా యందురేమో! వానకాలమున నీబాధ కానరాదు. పడమటిగాలి వీచు వేసవి మధ్యాహ్నములందును, చలికాలమున గాలి పొడిగా నుండు దినములందును, శీతలయంత్రము పెట్టిన గదులలోను ఇది తల యెత్తును. తడిపి పిండిన నూలుగుడ్డను పీటపై బఱచి దానిమీద పనిచేయవలెను. ప్లాస్టిక్కు దువ్వెన మాని కొయ్యదువ్వెనను తడిచేసి వాడవలెను. పోగులను ముందు కట్టగట్టి, తడిపి, పిదప కోయవలెను. సిలికానుపై వట్టినీరు నిలువక బొట్లుబొట్లుగా జాఱిపోవును. దానికి కొంచెము సబ్బునీరు కావలెను. సబ్బుపొర తేమను నిలుపును. పని ముగిసినపిదప మంచినీట కడిగి వెంటనే యారబెట్టనిచో గాలమునకు త్రుప్పు పట్టును; ఈ పాఠము మేము రెండు డజనుల గాలములు పోగొట్టుకొని నేర్చితిమి. కొందఱు ఇనుపతీగెను నేలలో పాతి దాని కొనను పోగులకు తాకింతురు. ప్రయోజనము స్వల్పము. తాకినచోటి యావేశమే పోవును గాని తక్కినది కదలదు.

సభానంతరమున ఆ కోడలే ముంగిట కొయ్యదువ్వెన బట్టి చేసి చూపును. నాటి కూలి యామెకు మేమింకను బాకీ. దానిని నేడు మీ యెదుటనే చెల్లించెదము.