కన్నీటికి కారణమైన కథాగానము

బాసర యనగానే తెలుగువారికి స్ఫురించునది అక్షరాభ్యాసము. పసివాని వ్రేలు పట్టి ఓనమాలు దిద్దించుటకై తల్లిదండ్రులు దూరప్రాంతములనుండి జ్ఞానసరస్వతి సన్నిధికి వత్తురు. అయితే శారద యను పేరు అక్షరమునకు మాత్రమే చెందినది కాదు. తెలంగాణమున ఊరూర దిరిగి కథలు చెప్పు గాయకులలో కొందరు భుజమున మోయు తంత్రీవాద్యమునకును శారద యనియే పేరు. ఆ వాద్యమును బట్టియే వారు శారదకాండ్రయిరి. వ్రాతలో నిలిచిన విద్య యొకటి, కంఠమున నిలిచిన విద్య యొకటి. ఈ రెండవ విద్యకు చెందిన యొక పాటను గూర్చి నేడు ముచ్చటింతును.

2023 మార్చి 3వ తేదీన ‘బలగం’ అను చలనచిత్రము విడుదలయ్యెను. దర్శకుడు వేణు యెల్దండి సిరిసిల్లవాడు. సంగీతము కూర్చినవాడు భీమ్స్ సిసిరోలియో. సిరిసిల్ల ప్రాంతపు పల్లెలలోనే దానిని చిత్రీకరించిరి. కథ చిన్నది. కొమురయ్య యను వృద్ధుడు మరణించును. ఆయనకు పెట్టిన పిండమును కాకి ముట్టదు. ఇంటిలోని వైరమే దీనికి కారణమని ఊరివారి తలంపు. ఎన్నడో యొక విందులో తనకు నల్లిబొక్క దక్కలేదని యలిగిపోయిన యల్లుడు మరల ఆ గడప త్రొక్కలేదు. ఆయన భార్యయు పుట్టింటికి దూరమయ్యెను. అన్నదమ్ములకును పొత్తు లేదు. పదునొకండవ దినమున కథకులు వచ్చి మృతుని కథను పాడుదురు. ఆ పాటయే చిత్రమునకు ప్రాణము.

పాడినవారు వృత్తిచే నటులు కారు. వరంగల్లు జిల్లా దుగ్గొండి ప్రాంతపు బుడిగ జంగపు దంపతులు, పస్తం మొగిలయ్య, కొమురమ్మ. తెరమీద కనబడువారును వారే. అందు రాగవైచిత్రి లేదు. కథకుల వరుస మరల మరల తిరిగివచ్చుచుండును. మాటలు ఇంటి మాటలు. అట్లయ్యు ఆ గానము విని కంట తడి పెట్టనివారు అరుదు. ఎందువలన?

మరణము దుఃఖకరము గనుక నందురేమో. అది చాలదు. తెరమీద మరణములు మనమెన్ని చూడలేదు! ఈ పాట చనిపోయినవానిని పేరుపెట్టి పిలుచును. ఆయన తన వారికై పడిన పాటును జ్ఞప్తికి దెచ్చును. పిమ్మట మెల్లగా బ్రతికియున్నవారి వైపు తిరుగును. వినువాడు పోయినవానికై యేడ్వ నారంభించి తుదకు తన మొండితనమునకై యేడ్చును. దర్శకుడును ఈ మర్మము నెరిగినవాడు. అతడు గాయకులను చూపుటతో తృప్తిపడక, వినువారి ముఖములను చూపినాడు. కూతురి కన్నులు, కుమారుల దించిన తలలు, అల్లుని బిగిసిన పెదవులు — పాట ఎవరి గుండెలో ఎట్లు దిగుచున్నదో మన మక్కడ చదువగలము. చిత్రము పాటకు అలంకారము కాలేదు, సాక్షి యైనది.

ఆ కన్నీరు తెరతోనే యారిపోలేదు. 2023వ సంవత్సరమున తెలంగాణ పల్లెలలో జనులు కూడళ్లయందు తెరలు కట్టి, ఊరంతయు కూడి ఈ చిత్రమును చూచిరి. బాసర యున్న నిర్మల్ జిల్లాలోనే భూమి తగవుచే మాటలు మానిన అన్నదమ్ములు దీనిని చూచి కలిసికొనిరని వార్తాపత్రికలు ప్రకటించెను. ఒక పాటకు ఇంతకు మించిన ప్రశంస యేమి గలదు?

అయినను మనము తలంపదగిన విషయ మొకటి మిగిలియున్నది. మొగిలయ్య మూత్రపిండముల వ్యాధిచే బాధపడి 2024 డిసెంబరులో పరమపదించెను. ఆయన పాటను యంత్రము భద్రపరచినది. కాని యంత్రము భద్రపరచినది ఒక్క కొమురయ్య కథనే. మన యింటి పెద్ద పేరు ఆ పాటలో లేదు. ఏ యింటికి పోయినను ఆ యింటివారి పేరులను, కష్టములను, తగవులను విని, అప్పటికప్పుడు కథగా నల్లగల నేర్పే ఈ విద్యకు జీవము. ఆ నేర్పు గలవారిని వాకిట నిలువనీయక, వారి పాటను మాత్రము మెచ్చుకొనుట చెట్టును నరికి పండును పొగడుట వంటిది.

కందకుర్తి కడ మంజీరను, హరిద్రను కలుపుకొని గోదావరి బాసరకు వచ్చుచున్నది. ఆ నీటి యొడ్డున బిడ్డకు తొలి యక్షరము దిద్దింతుము. పితృదేవతలకు తిలోదకములు విడుతుము. చదువు నేర్పిన తల్లిని కొలుచుటకు వచ్చువారు, పాట మోసిన శారదను గూడ తమ తమ యూళ్లలో ఆదరింతురు గాక. కథకుడు గడప ముందు నిలిచినపుడు చాప పరచి కూర్చుండబెట్టి, ఇంటి పెద్దల పేరులు చెప్పుడు. పాడుట యాతని వంతు. విని, అలిగిపోయిన తోబుట్టువునకు కబురంపుట మన వంతు.