చార్జింగ్ పెట్టేది మనం, చెప్పేది ఎవరికి?

(కలకడలో మహిళా సంఘాల సభ్యులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడమని పిలిస్తే ఈమె మందు కొట్టే మిషన్ గురించి మొదలుపెట్టిందేమిటి అనుకోకండి. హక్కుల సంగతి ఆ మిషన్ దగ్గరే ఉందని నాకనిపిస్తోంది.

కలకడ, గుర్రంకొండ, మదనపల్లె చుట్టుపక్కల టమోటా పండించే ఊళ్లలోకి బ్యాటరీ స్ప్రేయర్ వచ్చింది. చేత్తో పంపు కొట్టి భుజాలు పడిపోయే బాధ తగ్గింది. దాని వెనకే గడ్డి కోసే మిషన్లు, డ్రిల్లులు, రంపాలు కూడా బ్యాటరీతో వస్తున్నాయి. నేను వెళ్లిన ఇళ్లలో రెండు ప్రశ్నలు అడిగాను. మిషన్ ఎవరిది? 'మా ఆయనది.' చార్జింగ్ ఎవరు పెడతారు? 'నేనే.' ఈ రెండు జవాబుల మధ్య ఉన్న ఖాళీ గురించే ఇవాళ నా మాటలు.

ఒక ఇంట్లో నా కళ్లముందే జరిగింది చెబుతాను. మధ్యాహ్నం ఎండలో పొలం నుంచి వచ్చిన స్ప్రేయర్‌ని ఆ ఇల్లాలు వెంటనే చార్జింగ్‌కి పెట్టింది. ఖాళీగా ఉన్న ప్లగ్గు వంటింట్లో, పొయ్యి పక్కనే ఉంది. కాసేపటికి కాలిన వాసన వచ్చింది. చార్జర్ వైరు కరిగిపోయింది. అదృష్టం కొద్దీ అంతటితో ఆగింది. భర్త వస్తూనే 'నీకు బుద్ధుందా' అన్నాడు. మిషన్ కొన్న రోజు ఆమె అంగట్లో లేదు. పెట్టెలో ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. నేర్పకుండానే నేరం మోపడం మన ఇళ్లలో కొత్త కాదు.

ఆమెకు చెప్పి ఉండవలసిన మాటలేమిటి? చాలా స్ప్రేయర్లలో ఉండేది పన్నెండు వోల్టుల సీసం బ్యాటరీ. పన్నెండే కదా, షాకు కొట్టదు కదా అని తేలిగ్గా తీసుకుంటాం. కానీ దాని రెండు కొసలు ఒక ఇనుప ముక్కతో కలిస్తే ఒళ్లు కాలేంత వేడి పుడుతుంది. చార్జర్‌కి అవతలి వైపున్నది గోడలోని 230 వోల్టులు. తడి చేతులతో ముట్టకూడదు. చార్జింగ్ అయ్యేటప్పుడు, ముఖ్యంగా ఎక్కువసేపు వదిలేస్తే, సీసం బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు రావచ్చు. అది మండే వాయువు. అందుకే పొయ్యి దగ్గర వద్దు, గాలి ఆడే చోట పెట్టాలి. పైగా ట్యాంకుకి అంటుకున్న పురుగుమందు కూడా దానితోపాటే వంటింట్లోకి వస్తుంది. బ్యాటరీ పగిలి ఆమ్లం ఒంటిమీద పడితే వెంటనే ధారగా నీళ్లతో కడగాలి. కంట్లో పడితే కనీసం పావుగంట కడిగి ఆసుపత్రికి పోవాలి.

కొత్త మిషన్లలో వచ్చే లిథియం బ్యాటరీ గుణం వేరు. దాని చార్జర్ దానికే. సరిపోయింది కదా అని ఇంకొకటి పెట్టకూడదు. వేడిగా ఉంటే చల్లారాకే చార్జింగ్. ఉబ్బినా, కిందపడి సొట్టపోయినా వాడకూడదు. రాత్రంతా పెట్టి నిద్రపోవద్దు. పరుపు మీదా వద్దు, గుమ్మానికి అడ్డంగానూ వద్దు. అంటుకుంటే విషపు పొగ వస్తుంది. సామాన్ల కోసం చూడకుండా పిల్లల్ని తీసుకుని బయటపడి 101కి ఫోను చేయాలి.

ఇక కోసే మిషన్లు. బ్లేడు మార్చాలన్నా, ఇరుక్కున్న గడ్డి తీయాలన్నా ముందు బ్యాటరీ ఊడదీయాలి. ఆపేశాం కదా అనుకుంటే చాలదు, మీట పొరపాటున నొక్కుకుపోవచ్చు. గడ్డి కోసే మిషన్ రాళ్లను ఎగజిమ్ముతుంది. కళ్లద్దాలు, బూట్లు ఉండాలి, పిల్లలు దూరంగా ఉండాలి. కొంగు, జడ, గాజులు తిరిగే యంత్రానికి చిక్కుతాయి. కొంగు బిగించుకోమని చెప్పడం తేలికే. మన చేతికి సరిపోయే గ్లౌజులు, మన భుజానికి సరిపోయే పట్టీలు అంగట్లో ఎందుకు దొరకవని ఎవరూ అడగరు. మగవాడి కొలతలతో చేసిన పనిముట్టు మన చేతిలో జారితే తప్పు మన చేతిదవుతోంది.

చట్టం కూడా ఇలాగే ఆలోచించింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్, నడుస్తున్న యంత్రాన్ని తుడవడం, నూనె పెట్టడం, సరిచేయడం వంటి కొన్ని పనులు స్త్రీలచేత చేయించరాదంది. రక్షణ పేరుతో దూరం పెట్టింది. యంత్రానికి దూరమైనవాళ్లం దాని విద్యకూ దూరమయ్యాం. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమలుకొచ్చింది. స్త్రీలు అన్ని రకాల పనులూ చేయవచ్చని అది అంటోంది. మంచిదే. కానీ అది ప్రధానంగా పదిమంది, అంతకు పైగా పనిచేసే చోట్లకు వర్తించేది. మన వంటింటి ప్లగ్గు దాకా దాని చేయి చాచదు.

నేర్పడం సాధ్యం కాదా? 2023 నవంబరులో మొదలైన నమో డ్రోన్ దీదీ పథకంలో డ్రోన్ తీసుకునే సంఘం నుంచి ఒక సభ్యురాలికి 15 రోజుల శిక్షణ పెట్టారు. లక్షల విలువైన మిషన్‌కి పదిహేను రోజులు. కొన్ని వేల రూపాయల స్ప్రేయర్‌కి ఒక్క గంట కూడా ఉండదా? దీన్ని బట్టి ఇక్కడ కాపాడుతున్నది మనిషినా, మిషన్ ధరనా అని అడగాల్సి వస్తుంది.

పాడైన బ్యాటరీని సీసం కోసం పగలగొట్టే చోట పిల్లలుంటారు, గర్భిణులుంటారు. సీసం పిల్లల మెదడుని దెబ్బతీస్తుంది, తల్లి నుంచి కడుపులో బిడ్డకు చేరుతుంది. పాత బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్ చేయించే బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు తయారీదారుల మీద పెట్టాయి. కాబట్టి కొత్తది కొనే అంగట్లోనే పాతది తీసుకోమని అడుగుదాం.

సంఘాలుగా మనం చేయగలిగినవి ఉన్నాయి. మిషన్ కొనడానికి సంఘం అప్పు ఇస్తే, చార్జింగ్ పెట్టే ఆడమనిషి అంగడికి వెళ్లి, ఆమె చేత్తో ఒకసారి బిగించి, ఊడదీసి చూసిన తరువాతే డబ్బు కట్టాలని తీర్మానం రాసుకుందాం. కాగితం తెలుగులో ఇమ్మని పట్టుబడదాం. చదువురాని వాళ్ల కోసం బొమ్మలు అడుగుదాం. వంటింటి బయట, వాన తగలని చోట ఒక ప్లగ్గు పెట్టించమని ఇంట్లో అడుగుదాం. చిన్న కోరికే, కానీ ఇంట్లో డబ్బు దేనికి ఖర్చుపెట్టాలో చెప్పే హక్కు అందులో ఉంది.

జాగ్రత్తగా ఉండమని మనకు పుట్టినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు. దేని నుంచి, ఎందుకు, ఎలా అన్నది మాత్రం చెప్పరు. ఆ మూడూ తెలుసుకోవడం మన హక్కు. ఇవాళ ఇంటికి వెళ్లి మీ చార్జర్ వైరు ఎలా ఉందో ఒకసారి చూడండి. వచ్చే సమావేశం అక్కడి నుంచే మొదలుపెడదాం.