ఇంటిలో ఇన్‌స్టెంటు గీజరు: ఎన్నిక, అమరిక



తెల్లవారకముందే పొయ్యి రాజేసి కాగుతో నీళ్లు కాచుట మన ఇండ్లలో నానాటికి తగ్గిపోవుచున్నది. ఆ స్థానమున గీజరు ప్రవేశించినది. తొట్టి గీజరు మంచిదా, తొట్టి లేని ఇన్‌స్టెంటు గీజరు మంచిదా యని కొడలలోని మనవారు పలువురు మమ్ము అడుగుచుందురు. సౌకర్యముతోపాటు ప్రాణరక్షణకు కూడ సంబంధించిన ప్రశ్న గనుక కొంత వివరముగా మనవి చేయుదుము.

తొట్టి గీజరు 10, 15, 25 లీటర్ల నీటిని ముందుగా కాచి నిలువ చేయును. వాడకున్నను ఆ వేడిమి మెల్లగా తరుగుచుండును. దానిని నిలుపుటకు మరల కరెంటు వ్యయమగును. ఇన్‌స్టెంటు గీజరులో సాధారణముగా 1 లేక 3 లీటర్ల చిన్న పాత్ర మాత్రమే యుండును. నీరు పారుచుండగానే వేడెక్కును.

లెక్క చూతము. 3 కిలోవాట్ల గీజరు నిమిషమునకు ఒక లీటరు నీటిని సుమారు 43 డిగ్రీలు వేడెక్కింపగలదు. మన తీరప్రాంతమున చలి అంత తీవ్రము కాదు. ఉదయమున నీరు 22 డిగ్రీలున్నదనుకొని, స్నానమునకు 40 డిగ్రీలు కావలెనన్నచో, పెరుగవలసినది 18 డిగ్రీలే. అప్పుడు నిమిషమునకు రమారమి 2.4 లీటర్లు లభించును. 15 లీటర్ల బకెట్టు ఆరు నిమిషములు దాటగానే నిండును. అందుకగు కరెంటు యూనిట్టులో మూడవవంతుకు లోపే. బకెట్టు స్నానమునకు ఇది చాలును. ధారాళమైన షవరు కోరువారికి తొట్టి గీజరే తగినది.

వోల్టేజి సంగతి కూడ మరువరాదు. 230 వోల్టులకు బదులు 180 మాత్రమే వచ్చినచో గీజరు శక్తి 3 కిలోవాట్ల నుండి 1.8కి పడిపోవును. బకెట్టు నిండుటకు పది నిమిషములు పట్టును. సాయంకాలము దీపములు మసకబారు ఇండ్లవారు ఇది గమనింపవలెను.

ఇక అమరిక. 3 కిలోవాట్ల గీజరు 13 ఆంపియర్ల కరెంటు తీసికొనును. దానికి ప్రత్యేకముగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ, 16 ఆంపియర్ల ప్లగ్గు వలయును. 4.5 కిలోవాట్లదైనచో దాదాపు 20 ఆంపియర్లు. దానికి ఆ ప్లగ్గు చాలదు, 4 చదరపు మిల్లీమీటర్ల తీగయు, వేరు బ్రేకరును ఉండవలెను. దీపముల లైనునుండి తీగ లాగి గీజరు తగిలించుట అగ్నిప్రమాదమును పిలుచుటయే. 2021 జనవరి నుండి మన జిల్లాలో విద్యుత్ పంపిణీ చేయుచున్న టీపీ సదరన్ ఒడిశా సంస్థ మీ ఇంటికి ఎంత లోడు మంజూరు చేసినదో బిల్లులో చూచుకొని, చాలనిచో ముందుగానే పెంపునకు దరఖాస్తు చేయుడు.

అన్నిటికంటె ముఖ్యము ఎర్తు. పాత ఇండ్లలో ప్లగ్గునకు మూడవ రంధ్రము కనబడును గాని, వెనుక తీగ యుండకపోవచ్చును. తడిసిన శరీరమునకు షాకు ప్రాణాంతకము. లైసెన్సు గల ఎలక్ట్రీషియనుచే ఎర్తు పరీక్ష చేయించి, 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుడు. మీట స్నానాల గది వెలుపల నుండవలెను. ఐ.ఎస్.ఐ. ముద్ర లేనిదానిని చౌకయని కొనరాదు. సేఫ్టీ వాల్వును ఎన్నడును మూయరాదు.

గ్యాసు గీజరు కూడ తొట్టి లేనిదే. అయితే గాలి ఆడని గదిలో అది మండునప్పుడు కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషి తెలియకయే స్పృహ తప్పును. మన దేశమున పలుచోట్ల ఇట్టి మరణములు సంభవించినవి. దానిని స్నానాల గదిలో బిగింపనే రాదు. గాలి ధారాళముగా నుండు వెలుపలి తావున నుంచి, వేడినీటి గొట్టము మాత్రమే లోనికి తేవలెను.

తుదకొక మనవి. గీజరుతో వచ్చు సూచనల కాగితము సాధారణముగా ఇంగ్లీషులోను, హిందీలోను ఉండును. మన పెద్దలలో తెలుగు మాత్రమే చదువగలవారు ఎందరో కలరు. బడిలో ఒడియా, ఇంగ్లీషు నేర్చిన మన యువకులు ఆ కాగితమును ఇంటిలో చదివి వినిపింపవలెను. “నీరు వచ్చిన పిదపనే మీట వేయుడు; స్నానమునకు ముందు మీట తీయుడు” అని పెద్ద తెలుగు అక్షరములతో వ్రాసి మీట ప్రక్కన అంటింపవలెను. మాతృభాష ఇంటిలో నిలుచుటకు ఇట్టి నిత్యోపయోగమును ఒక మార్గమే. ఈ వారముననే తమ తమ ఇండ్లలో ఎర్తు పరీక్ష చేయించుకొనవలసినదిగా సభ్యులందరిని కోరుచున్నాము.